భాద్రపదంలో ఉల్లంకులు: ఉప్పు మడుల దగ్గర వలస పిట్టల్ని ఫొటో తీసి పేరు పట్టడం ఎలా

వలస పక్షులు అనగానే మనకు డిసెంబరు గుర్తొస్తుంది. పులికాట్ నీళ్లలో రాజహంసల గులాబీ బారులు, నేలపట్టు చెట్ల మీద గూడబాతులు, వాటి కోసం సూళ్లూరుపేట దారి పట్టే కార్లు. ఆ సందడికి నాలుగు నెలల ముందే చడీచప్పుడు లేకుండా వచ్చే చుట్టాలు కొన్ని ఉన్నాయి. శ్రావణం సగం గడిచేసరికి అవి మన తీరంలోని ఉప్పు మడుల్లో దిగి ఉంటాయి. సైబీరియాలో వేసవి చాలా పొట్టిది. జూన్‌లో గుడ్లు పెట్టి, పిల్లలు కాస్త పుంజుకోగానే పెద్దవి దక్షిణానికి బయలుదేరతాయి. నెల్లూరులో మనం ఇంకా చెమటలు కక్కుతుండగానే అక్కడ వాటి వేసవి ముగిసిపోతుంది.

ఇవి ఉల్లంకి పిట్టలు (ఇంగ్లీషులో శాండ్‌పైపర్లు), వాటి దాయాదులు. బురద రంగు వీపు, తెల్లటి పొట్ట, సన్నటి కాళ్లు. మొదటిసారి చూసినవాళ్లకు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. పుస్తకం తెరిస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. అందులో ఒక్కో పిట్టకు రెండు బొమ్మలుంటాయి: జతకట్టే కాలపు ముస్తాబు ఒకటి, చలికాలపు సాదా వేషం ఒకటి. ఆగస్టులో మీ ముందు నిలబడే పిట్ట ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది. పొట్ట మీద ఎరుపు అక్కడక్కడా మిగిలి, వీపు ఈకలు అరిగి, రెక్కలో ఒక ఈక రాలి ఉంటుంది. కాబట్టి రంగును నమ్ముకుంటే మోసపోతారు. ఆకారం, నడక, ఎగిరినప్పుడు కనిపించే తెలుపు, కూత: మీకు దారి చూపేవి ఇవి. ఫొటో కూడా వీటిని పట్టుకునేలా తీయాలి. గోడకు తగిలించుకునే ఫొటో వేరు, సాక్ష్యం చెప్పే ఫొటో వేరు. ఈ కాలంలో మనకు కావలసింది రెండోది.

ఎక్కడికి, ఏ వేళకు

నెల్లూరు జిల్లాలో నాకు ఇష్టమైన చోటు అల్లూరు మండలంలోని ఇసకపల్లి. ఒకపక్క సముద్రపు పాయ, దాని బురద మేటలు, మరోపక్క ఉప్పు మడులు. ప్రకాశం వైపు వాళ్లకు చినగంజాం ఉంది. 2022లో అది బాపట్ల జిల్లాలో కలిసినా ఒంగోలులో రైలెక్కితే ఎంతో దూరం కాదు. పులికాట్ కూడా మంచిదే, కానీ ఆగస్టులో నీరు బాగా వెనక్కి పోయి పిట్టలు కంటికి ఆననంత దూరంలో ఉంటాయి. నేలపట్టుకు మాత్రం ఇప్పుడు వెళ్లకండి. గూడబాతులు గూళ్లు కట్టడం అక్టోబరు తర్వాతే. అప్పటిదాకా ఖాళీ చెట్లు చూసి రావాలి.

వేళ విషయంలో రెండు లెక్కలు కలవాలి. ఒకటి ఎండ, రెండోది పోటు. పొద్దు పొడిచేది ఆరు గంటలకు కాస్త అటూ ఇటూ కనుక ఐదున్నరకల్లా గట్టు మీద ఉండండి. ఎనిమిదిన్నర దాటితే మడుల మీద వేడి గాలి లేచి ఎండమావి మొదలవుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా పిట్ట అంచులు నీళ్లలో నీడలా వణుకుతాయి. దానికి మందు లేదు. కెమెరా సంచిలో పెట్టి బైనాక్యులర్‌తో చూడటమే.

పోటు లెక్క ఇలా ఉంటుంది. నీరు వెనక్కి తీసినప్పుడు పిట్టలు పాయ ఒడ్డున బురదలో చెల్లాచెదురుగా మేస్తాయి. పోటు వచ్చి బురద మునిగితే అన్నీ లేచి ఉప్పు మడుల గట్ల మీదకు, ఆరిన మడుల్లోకి చేరి గుంపుగా నిలబడతాయి. కాబట్టి పొద్దున్నే పోటు ఉండే రోజును ఎంచుకోండి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుందని గోడ మీద క్యాలెండరే చెబుతుంది. గంటలు కావాలంటే ఫోనులో చూసుకోవచ్చు, ఊళ్లో వల వేసేవాళ్లను అడిగితే ఇంకా మంచిది.

గట్టు మర్యాద

ఉప్పు మడులు ఖాళీ స్థలాలు కావు, పంట పొలాల్లాంటివే. ముందు మేస్త్రిని అడిగి, ఎటు వెళ్లవచ్చో తెలుసుకుని కదలండి. సముద్రపు నీటిని మొదట నిలవబెట్టే పెద్ద మడులు ఒక వరుస. అక్కడి నుంచి నీరు చిక్కబడుతూ చిన్న మడుల్లోకి వచ్చి ఉప్పు పేరుతుంది. ఆ చిన్న మడిలో ఒక్క అడుగు పడిందంటే తెల్లటి ఉప్పులో బురద కలుస్తుంది. అది ఒకరి కూలి. ఎలాగూ పిట్టలు ఎక్కువగా ఉండేది పెద్ద మడుల్లో, నీరు తీసేసిన మడుల్లోనే. చిక్కటి ఉప్పు నీళ్లలో వాటికి తిండి తక్కువ.

ఒకసారి గట్టు మీద బోర్లా పడుకుని ఉంటే, తట్ట దించుకున్న ఒక పెద్దామె వచ్చి నిలబడింది. "ఏం పోగొట్టుకున్నావు నాయనా?" అని అడిగింది. కెమెరా వెనక తెరలో పిట్టను చూపించాను. "ఇవా! ఉల్లంకులు. చవితి ముందు వస్తాయి, వానలు పడితే ఇక్కడ ఉండవు" అంది. అక్టోబరు వానలకు ఉప్పు పని ఆగిపోతుంది, మడులు నిండిపోతాయి, పొట్టి కాళ్ల పిట్టలకు నిలబడే లోతు ఉండదు. ఆ సంగతి నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది. ఆమె తట్ట నెత్తికెత్తుకునే లోపు చెప్పేసింది. అప్పటి నుంచి కొత్త చోటుకు వెళితే కెమెరా తీయకముందే పని చేసేవాళ్లతో మాట్లాడుతున్నాను.

ఇంకో మాట. తీరంలో పొడుగు లెన్సుతో తిరిగితే మెరైన్ పోలీసులు ఆపి అడగడం మామూలే. ఆధార్ జేబులో ఉంచుకోండి, తీసిన ఫొటోలు విసుక్కోకుండా చూపించండి. శ్రీహరికోట పరిసరాల్లో, కృష్ణపట్నం రేవు దగ్గర కెమెరా బయటకు తీయకముందే ఏది నిషిద్ధమో కనుక్కోండి. డ్రోను ఇంట్లోనే వదిలేయండి. పిట్టలకది గద్దతో సమానం.

కెమెరా సంగతి

400 మిల్లీమీటర్ల దాకా పోయే జూమ్ లెన్సు ఉంటే చాలు. లేకపోతే నికాన్ పి950 లాంటి, లెన్సు విడదీయడానికి రాని పొడుగు జూమ్ కెమెరా ఈ పనికి బాగానే పనికొస్తుంది. మొదటి ఏడాది నేను 8×42 బైనాక్యులర్ కంటికి ఫోను ఆనించి తీసినవాటితోనే చాలా పేర్లు పట్టాను. కొనవలసినవాటిలో మొదటిది బైనాక్యులరే. కెమెరా తర్వాత.

షట్టర్ వేగం మేసే పిట్టకు 1/1000 సెకను, ఎగిరే పిట్టకు 1/2000 సెకను కంటే తగ్గించకండి. అపర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 6.3 నుంచి ఎఫ్ 8 మధ్య. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే చురుకుదనం) ఆటోలో పెట్టి 3200 దగ్గర హద్దు గీయండి. కాస్త గరుకుదనం ఉన్నా ఫరవాలేదు, చెదిరిన ఫొటో మాత్రం దేనికీ పనికిరాదు. ఉప్పు మడుల దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మెరిసే నీళ్లు, తెల్లటి కుప్పలు చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను చీకటి చేస్తుంది. పిట్ట నల్లటి ముద్దగా వస్తుంది, కాళ్ల రంగు తెలియదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచి పెట్టుకోండి. నల్లటి బురదలో తెల్ల కొంగ దొరికితే దీనికి తలకిందులు, 0.7 తగ్గించాలి.

వెలుతురు మీ వీపు వైపు ఉండాలి. మన తీరంలో సముద్రం తూర్పున ఉంది కనుక పొద్దున సముద్రం వైపు గట్టెక్కి పడమరకు చూడండి. సాయంత్రం ఊరి వైపు గట్టు. ఇంత చిన్న విషయం మరిచిపోయి ఒక ఆదివారమంతా నీడలను ఫొటో తీసిన రోజు నాకూ ఉంది.

దగ్గరకు చేరడం

నేరుగా పిట్ట వైపు నడవకండి. దాన్ని పట్టించుకోనట్టు పక్కగా, వంకరగా నాలుగడుగులు వేసి ఆగండి. కూర్చోండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ నాలుగడుగులు. మేత మాని మెడ నిక్కించిందంటే మీరు హద్దు దాటినట్టే. తల పైకీ కిందికీ ఊపిందంటే లేవబోతోందన్నమాట. అక్కడే ఆగండి, లేదా ఒకడుగు వెనక్కి వేయండి.

ఇంకా మంచి పద్ధతి, మీరు కదలకుండా వాటినే రానివ్వడం. గట్టు చివర పాత గొడుగు గుడ్డో, మట్టి రంగు దుప్పటో కప్పుకుని బోర్లా పడుకోండి. లెన్సును ఇసుక నింపిన గుడ్డ సంచి మీద ఆనించండి. కెమెరా పిట్ట కంటి ఎత్తుకు దిగుతుంది కాబట్టి కాళ్లు, ముక్కు, పక్క గీత అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. అరగంటలో అవే మేసుకుంటూ దగ్గరకు వస్తాయి. అయితే తీతువు ఉన్న గట్టును ఎంచుకోకండి. అది అరిస్తే చావు కబురని మన ఊళ్లలో అంటారు. చావు సంగతేమో కానీ, మీ ఉదయం మాత్రం అక్కడితో సరి. ఎర్ర కాళ్ల రెడ్‌షాంక్ కూడా అలాంటిదే. పిట్ట కొంచెం కూత ఘనం, అది లేచిందంటే మడంతా లేస్తుంది.

పోటు వేళ గుంపుగా నిలబడ్డ పిట్టల్ని, రెక్కల ఫొటో కోసమైనా సరే, కావాలని లేపకండి. వేల కిలోమీటర్లు ఎగిరి ఒంట్లో కొవ్వు కరిగి వచ్చినవి అవి. చాలావాటికి రెక్క ఈకలు రాలి కొత్తవి మొలుస్తుంటాయి. ఓపిక పడితే అవే ఒళ్లు విరుచుకుంటాయి. ఒక కాలు, అదే పక్క రెక్క కలిపి వెనక్కి చాచే క్షణం ఒకటి ఉంటుంది. మీకు కావలసినదంతా అందులో కనిపిస్తుంది.

ఒక్కో పిట్టకు నాలుగు ఫ్రేములు

ముఖం నిండేలా తీసిన ఫొటోతో పేరు పట్టలేం. నేను ఒక్కో పిట్టకు నాలుగు రకాలు తీయాలని చూస్తాను. పక్క నుంచి నిలువెత్తు బొమ్మ, ముక్కు పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి. నీటిలో మునగని కాళ్లు. రెక్క విప్పినది, నడుము (తోకకు పైన ఉండే వీపు భాగం), తోక, రెక్క మీది చార కనిపించేలా. నాలుగోది, పక్కన ఇంకో జాతి పిట్టతో కలిపి. కొత్తవాళ్లు పనికిరాదని తుడిచేసేది ఈ నాలుగోదాన్నే. ఒంటరి పిట్ట ఎంత పెద్దదో ఫొటో చెప్పదు. పక్కన పొడుగాటి ఎర్ర కాళ్ల స్టిల్ట్ ఉంటే అదే మీ కొలబద్ద. మన దగ్గర ఏడాది పొడవునా ఉండేదే కనుక దాని సైజు మీ కంటికి అలవాటే.

పేరు పట్టడం

సైజు తర్వాత ముక్కు చూడండి. తల పొడవుతో పోలిస్తే పొట్టిదా, సమానమా, రెండింతలా? తిన్నగా ఉందా, కిందికి వంగిందా, పైకి తిరిగిందా? తర్వాత కాళ్ల రంగు. తర్వాత నడక. నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, వంగి ఏరుకుంటే ప్లోవర్ జాతి. ఆగకుండా కుట్టు మిషన్ సూదిలా పొడుస్తూ పోతే స్టింటో, కర్ల్యూ శాండ్‌పైపరో. నిలబడ్డప్పుడు కూడా తోక భాగం ఆడిస్తూ ఉంటే కామన్ శాండ్‌పైపర్. దీనికి ఇంకో ముద్ర ఉంది: రొమ్ము గోధుమ రంగుకూ రెక్కకూ మధ్య భుజం దగ్గర తెల్లటి చీలిక పైకి పాకుతుంది. ఎగిరితే రెక్కలు కిందికి వంచి, నీళ్లకు ఆనుకుని, వణుకుతున్నట్టు కొడుతుంది. ముందు దీన్ని బాగా నేర్చుకోండి. చెరువు కట్టల మీద, కాలువ ఒడ్డున ఎక్కడైనా దొరుకుతుంది.

దాని తర్వాత చిక్కు పెట్టేవి వుడ్, గ్రీన్ శాండ్‌పైపర్లు. రెండింటికీ నడుము తెలుపే. వుడ్‌కు కాళ్లు పసుపు, వీపంతా చుక్కలు, కనుబొమ్మ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. గ్రీన్ ముదురు రంగు, కనుబొమ్మ కంటి దగ్గరే ఆగిపోతుంది. ఎగిరినప్పుడు రెక్క అడుగు చూడండి: వుడ్‌కు లేత రంగు, గ్రీన్‌కు దాదాపు నలుపు. పైగా వుడ్ నలుగురిలో తిరుగుతుంది, గ్రీన్ ఎక్కడో బోదె కాలువలో ఒంటరిగా ఉంటుంది.

గ్రీన్‌షాంక్, మార్ష్ శాండ్‌పైపర్ ఒకదానికొకటి నకలు తీసినట్టుంటాయి. ఎగిరితే రెండింటికీ వీపు మీద తెల్లటి మొన. తేడా ముక్కులో ఉంది. మార్ష్‌ది సన్నటి సూది. గ్రీన్‌షాంక్‌ది మొదట్లో లావై కొస కాస్త పైకి తిరిగింది. లేచేటప్పుడు గ్రీన్‌షాంక్ "త్యూ త్యూ త్యూ" అని మూడుసార్లు గట్టిగా పిలుస్తుంది. ఒకసారి విన్నాక మరిచిపోరు.

పొట్టి ముక్కు ప్లోవర్లలో కంటి చుట్టూ పసుపు వలయం ఉండి, ఎగిరినప్పుడు రెక్క మీద చార లేకపోతే లిటిల్ రింగ్డ్. మెడ వెనక తెల్ల పట్టీ, రొమ్ము మధ్య కలవని మచ్చలు, ముదురు కాళ్లు ఉంటే కెంటిష్. తెల్ల పట్టీ లేకుండా ముక్కు మరికాస్త లావుగా ఉంటే శాండ్ ప్లోవర్. ఆగస్టులో దాని రొమ్ము మీద ఇటుక రంగు ఇంకా మిగిలి ఉండవచ్చు. వీపు మీద బంగారు చుక్కలు, పొట్ట మీద చెదిరిన నల్ల మచ్చలు ఉన్న పెద్ద ప్లోవర్ కనిపిస్తే అది పసిఫిక్ గోల్డెన్, సగం ముస్తాబు విడిచినది.

ఇక స్టింట్లు. 20 నుంచి 30 గ్రాముల ప్రాణి, గుప్పిట్లో పడుతుంది. అంత చిన్నది ఆర్కిటిక్ నుంచి అల్లూరు దాకా ఎగిరి వచ్చిందంటే మొదట నేను నమ్మలేదు. లిటిల్ స్టింట్‌కు కాళ్లు నలుపు, టెమ్మింక్స్ స్టింట్‌కు పసుపు కలిసిన ఆకుపచ్చ. పుస్తకం ఇంతవరకు చెబుతుంది. బురద సంగతి చెప్పదు. ఒక సెప్టెంబరులో లేత రంగు కాళ్ల స్టింటును అరగంట వెంబడించి, టెమ్మింక్స్ అని రాసి పెట్టుకున్నాను. చివరకు అది నీళ్లలో దిగి స్నానం చేసి బయటకు వచ్చింది. కాళ్లు నిగనిగలాడే నలుపు! ఆరిన బూడిద రంగు బురదను నేను కాళ్ల రంగు అనుకున్నాను. నల్ల బురద అయితే పసుపు కాళ్లను నల్లగా చేస్తుంది కూడా. పిట్ట తడిసేదాకా కాళ్ల మీద తీర్పు చెప్పకండి.

స్టింట్ల మధ్యలో కాస్త ఎత్తుగా, ముక్కు కిందికి వంగి, పొట్ట మీద ఇటుక రంగు పెచ్చులతో కనిపించేది కర్ల్యూ శాండ్‌పైపర్. ఎగిరితే తెల్లటి నడుము. వీటిలో మగవి గుడ్లు పొదగవు, పిల్లల్ని సాకవు. అందుకే ముందుగా బయలుదేరతాయి. ఆడవి ఆ తర్వాత, పిల్లలు అందరికంటే చివర.

పిల్లలను పోల్చడం వస్తే ఈ కాలపు చిక్కులు సగం తీరతాయి. పెద్దల ఈకలు నలిగిన పాత నోటులా ఉంటాయి: అంచులు అరిగి, కొన్ని కొత్తవి కొన్ని పాతవి, గందరగోళంగా. పిల్లలకు అన్ని ఈకలూ ఒకేసారి మొలిచినవి కనుక ఒకే వయసు. లేత అంచులతో వీపంతా కొత్తగా పేర్చిన పెంకుటింటి కప్పులా తీరుగా ఉంటుంది. ఆగస్టులో ఎక్కువగా పెద్దవే. వినాయక చవితి దాటాక పెంకుల వీపులు పెరుగుతాయి. ఈ పిల్లలు అమ్మానాన్నల వెంట వచ్చినవి కావు, ఎప్పుడూ చూడని దారిలో వాటంతట అవే వచ్చినవి.

ఇంటికి వచ్చాక

మొదట కెమెరాను కాస్త తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. ఉప్పు గాలి ఒక్క రాత్రిలో స్క్రూలను పట్టేస్తుంది. మడుల దగ్గర లెన్సు మార్చకపోవడం ఇంకా మేలు.

గట్టు మీదే చిన్న పుస్తకంలో వేళ, చోటు, లెక్క, కూత, నడక రాసుకుని ఉండాలి. కూత ఫొటోలో రాదు, మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆ జాబితాను పక్షుల లెక్కలు పోగుచేసే ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదు చేయండి. మెర్లిన్ అనే ఫోను యాప్‌కు ఫొటో చూపిస్తే పేరు చెబుతుంది, కానీ ఈకలు అరిగిన ఆగస్టు పిట్ట దగ్గర అది కూడా తడబడుతుంది. దాని మాట సలహాగా తీసుకుని ముక్కు, కాళ్లు, నడుము మీరే సరిచూసుకోండి.

కాలికి రంగు జెండా లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క కనిపిస్తే మిగతా పనులన్నీ ఆపి రెండు కాళ్లూ వచ్చేలా వరుసగా తీయండి. ఏ రంగు, ఏ కాలు, కీలుకు పైనా కిందా, దాని మీద అక్షరాలేమిటి? ఆ వివరాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే, ఆ జెండా ఎక్కడ కట్టినదో తెలిసే అవకాశం ఉంది.

పేరు తేలనివాటిని బలవంతంగా తేల్చకండి, తుడిచివేయకండి. నా కంప్యూటర్‌లో 'తేలనివి' అని ఒక ఫోల్డర్ ఉంది. వానాకాలం సాయంత్రాల్లో తెరుస్తుంటాను. మొన్న అందులోంచి ఒకటి బయటపడింది. రెండేళ్ల క్రితం 'ఏదో స్టింట్' అని రాసి వదిలేసినది, కాళ్లు బురదలో, ముక్కు అవతలికి తిరిగి. ఆ వరుసలో చివరి ఫ్రేము చెదిరిపోయి ఉంది, కానీ పిట్ట అప్పుడే లేచింది, తోక విప్పుకుంది. తోక అంచు ఈకలు తెల్లగా ఉన్నాయి. టెమ్మింక్స్.